కెమెరా గోత్రాలు, మా అక్క పెళ్ళి ఫోటోలు

పోయిన చలికాలంలో ఒక రోజు హథ్‌ఖోజ్‌లో మా అబ్బాయి షెడ్డులో లేత్ మిషను పక్కన కుర్చీ వేసుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాను. చేయించవలసింది ఒక అల్యూమినియం రింగు. లోపల 42 మిల్లీమీటర్ల మర, 1 మిల్లీమీటరు పిచ్, మందం 1.46 మిల్లీమీటర్లు. "అంకుల్‌జీ, ఇది దేనికి?" అని టర్నరు అడిగాడు. యాభై ఏళ్ళ నాటి రష్యన్ లెన్సును జపాన్ కెమెరాకి తగిలించడానికి అన్నాను. అతను నవ్వలేదు. డ్రాయింగు ఇంకోసారి చూసి, "రెండూ గొడవపడవా?" అని అడిగాడు.

ఈ వ్యాసం ఆ గొడవ గురించే.

హథ్‌ఖోజ్ తెలియని మిత్రుల కోసం: ఇది భిలాయిలోని భారీ పారిశ్రామిక ప్రాంతం. స్టీలు ప్లాంటును నమ్ముకున్న చిన్న పెద్ద షెడ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. మా అబ్బాయిది వాటిలో చిన్నది. నా విషయానికొస్తే, బి.కాం. చదివి, రక్షణ శాఖ అకౌంట్స్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి 2020లో రిటైరయ్యాను. కాంతిశాస్త్రం నాకు తెలిసింది తక్కువ. ఎవరు దేనికి ఎంత ఖర్చు పెట్టారు, ఖర్చు పెట్టాక ఏ కారణం రాసుకున్నారు, ఇది మాత్రం కాస్త తెలుసు. కెమెరాల మీద జనం పెంచుకునే భక్తిని అర్థం చేసుకోవడానికి ఆ తెలివి చాలనుకుంటాను.

భక్తి అనే మాట వేళాకోళానికి వాడలేదు. మన హేతువాద సమావేశాల్లోనే చూశాను. జాతకాలనూ వాస్తునూ గంటసేపు చీల్చి చెండాడిన పెద్దమనిషి టీ తాగుతూ, "కానన్ రంగులే వేరండీ, ముఖంలో ఆ కళ నికాన్‌లో రాదు" అంటాడు. ఎలా తెలుసండీ అంటే, "వాడినవాడికి తెలుస్తుంది" అంటాడు. ఈ మాట మనం ఇంకెక్కడో విన్నాం కదా? స్వాములవారి మహిమ కూడా అనుభవించినవాడికే తెలుస్తుంది!

నన్ను నేను మినహాయించుకోవడం లేదు. నేను నలభై ఏళ్ళు జెనిత్ భక్తుణ్ణి.

దానికి కారణం భిలాయే. 1955 ఫిబ్రవరి 2న ఢిల్లీలో మన ప్రభుత్వం, సోవియట్ ప్రభుత్వం ఇక్కడి ఉక్కు కర్మాగారం ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మొదటి దశలో ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు. విజయనగరం నుంచి రాయపూర్‌కి రైలు మార్గం అప్పటికే ఉంది కాబట్టి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేలమంది ఆ రైలెక్కి ఇక్కడికి వచ్చేశారు. పాలకొండ దగ్గరి ఊరి నుంచి మా నాన్న కూడా అలాగే వచ్చి కోక్ ఓవెన్లలో ఫిట్టరుగా చేరాడు. నేను ఇక్కడే పుట్టాను. మా చిన్నప్పుడు రష్యన్లు మాకు వింత మనుషులు కారు. బజార్లో టమాటాలు బేరమాడే ఇరుగుపొరుగు. 1972లో ఊళ్ళో జంతు ప్రదర్శనశాల పెడితే దానికి మైత్రీ బాగ్ అని పేరు పెట్టారు. ఆ మైత్రి ఎవరితోనో చెప్పక్కర్లేదు. మా ఇంటికి 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. చదివింది తక్కువే గానీ, ఆ నున్నటి కాగితం నోటు పుస్తకాల అట్టలకు భలేగా ఉండేది.

ఆ రోజుల్లో దిగుమతి ఆంక్షల మధ్య మామూలు ఇంటికి కెమెరా అంటే బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్-3. అది కూడా అందరికీ కాదు. సోవియట్ దేశంతో వ్యాపారం రూపాయల చెల్లింపుల మీద నడిచేది గనుక అక్కడి సరుకులు మనకి కొంత అందుబాటులో ఉండేవి. మా నాన్న పనిచేసే విభాగంలో ఉన్న ఒక రష్యన్ నిపుణుడు 1974లో స్వదేశం వెళ్ళిపోతూ తన జెనిత్-ఇ కెమెరాను, హేలియోస్ 44-2 లెన్సుతో సహా, నాన్నకి అమ్మేశాడు. ఎంతకో నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ మొహం చూస్తే ఎక్కువే అని తెలిసేది. ఇటుకలా బరువు. షట్టర్ కొడితే పక్కింట్లో వినిపించేది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. నా దృష్టిలో అది కెమెరా కాదు, బ్లాస్ట్ ఫర్నేసు తమ్ముడు.

ఆ తర్వాత 1980లో మా అక్కకి సంబంధం కుదిరింది. కాబోయే బావకి నికాన్ ఎఫ్‌ఎం ఉంది, వాళ్ళన్నయ్య కువైట్ నుంచి తెచ్చింది. ఇక చూడండి. అతను ఇంటికి వచ్చినప్పుడల్లా మా ఇద్దరి మధ్య ప్రచ్ఛన్న యుద్ధం. అతనిది జపాన్, నాది రష్యా. నిజానికి మా ఇద్దరిలో ఎవరూ ఆ రెండు దేశాల మొహం చూసినవాళ్ళం కాదు.

ఇప్పుడు అసలు చరిత్రలోకి వస్తాను. నాది అచ్చమైన రష్యన్ కెమెరా అని నేను వాదించేవాణ్ణి. ఆ అచ్చం ఎంతో చూడండి. హేలియోస్ 44 లెన్సు జర్మనీలోని కార్ల్ జైస్ వాళ్ళ బయోటార్ అనే 58 మిల్లీమీటర్ల లెన్సుకు నకలు. దాన్ని జెనిత్ మీద బిగించే 42 మిల్లీమీటర్ల మర కూడా జర్మనీదే. 1949లో డ్రెస్డెన్‌లో తయారైన కాంటాక్స్-ఎస్‌తో అది ప్రచారంలోకి వచ్చింది. ఇంకో సోవియట్ కెమెరా కీవ్ సంగతి మరీ చిత్రం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నష్టపరిహారం కింద జర్మనీలోని కాంటాక్స్ తయారీ సామగ్రిని తీసుకుపోయి, 1947 నుంచి కీవ్ నగరంలోని ఆర్సెనల్ ఫ్యాక్టరీలో అదే కెమెరాను పేరు మార్చి చేశారు. ఖార్కోవ్‌లో అనాథ పిల్లల కోసం మకరెంకో నడిపిన కమ్యూన్‌లో 1934 నుంచి తయారైన ఫెడ్ కెమెరా జర్మన్ లైకాకు నకలు. ఫెడ్ అంటే ఫెలిక్స్ ఎడ్మున్డొవిచ్ జెర్జిన్‌స్కీ, సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థాపకుడు. ఫోటో తీసే యంత్రానికి పోలీసు పేరు!

బావ పక్షం మెరుగేమీ కాదు. నికాన్ తొలి కెమెరా 1948లో వచ్చింది. దాని మౌంటు కాంటాక్స్ తరహా, షట్టర్ లైకా తరహా. ఇక నికాన్, కానన్ పుట్టు శత్రువులని నమ్మేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 1936లో అమ్మకానికి వచ్చిన మొదటి కానన్ కెమెరాకు లెన్సు చేసి ఇచ్చింది నిప్పాన్ కోగాకు కంపెనీ, అంటే నేటి నికాన్. కానన్ అసలు పేరు కూడా మనవాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది. 1934లో చేసిన నమూనాకు 'క్వానన్' అని పెట్టారు. అది బౌద్ధుల కరుణామూర్తి కన్నోన్ పేరు. మన అవలోకితేశ్వరుడే జపాన్ వెళ్ళి కన్నోన్ అయ్యాడు. అంటే కానన్ వాడే నాస్తిక మిత్రులందరూ మెడలో బోధిసత్త్వుణ్ణి వేసుకుని తిరుగుతున్నారన్నమాట. కంగారు పడకండి, దానివల్ల ఫోటోకేమీ కాదు.

గోత్రం స్వచ్ఛమైనదని చెప్పుకునే ఏ కులమైనా నాలుగు తరాలు వెనక్కి తవ్వితే ఇలాగే తేలుతుంది.

మరి సాక్ష్యం చూసి పక్షం మారినవాళ్ళే లేరా? ఉన్నారు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ డేవిడ్ డగ్లస్ డంకన్. అమెరికాలోని 'లైఫ్' పత్రిక ఫోటోగ్రాఫరు. జర్మన్ లెన్సుకు ప్రపంచంలో సాటి లేదని అందరూ నమ్మే కాలం అది. జపాన్ సరుకంటే చౌకబారు అనుకునేవారు. 1950లో అతను టోక్యోలో ఉండగా, జున్ మికి అనే జపాన్ ఫోటోగ్రాఫరు నిక్కోర్ లెన్సుతో అతన్ని ఫోటో తీసి చూపించాడు. డంకన్ ఆ స్పష్టత చూసి ఆశ్చర్యపోయాడు. కానీ ఆశ్చర్యపోయి ఊరుకోలేదు. ఆ ఫ్యాక్టరీకే వెళ్ళి తన జర్మన్ లెన్సులనూ వాళ్ళ లెన్సులనూ పక్కపక్కన పెట్టి పరీక్ష చేయించాడు. మారిపోయాడు. కొద్ది రోజుల్లో కొరియా యుద్ధం మొదలైంది. ఆ యుద్ధం ఫోటోలు నిక్కోర్ లెన్సులతో తీశాడు. ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ జపాన్ లెన్సుల మీద రాసింది. జపాన్ కెమెరా పరిశ్రమ జాతకం (ఈ మాట వాడినందుకు క్షమించండి) అక్కడ మారింది.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఒక సంగతి వదిలేస్తారు. అకౌంటెంటు కంటికి అదే ముందు కనిపిస్తుంది. డంకన్ కెమెరా మార్చలేదు, లెన్సు మార్చాడు. నిప్పాన్ కోగాకు వాళ్ళు లైకాకీ, కాంటాక్స్‌కీ సరిపోయే మౌంట్లతో లెన్సులు అమ్మేవారు. పాత కెమెరా చేతిలోనే ఉంది, కొత్త లెన్సు బిగించుకున్నాడు. నిజం ఒప్పుకోవడానికి అతనికి అయిన ఖర్చు తక్కువ. నిజం ఒప్పుకునే ఖర్చు తక్కువగా ఉన్నప్పుడు మనుషులు తొందరగానే ఒప్పుకుంటారు.

నా జెనిత్ మర కూడా అలాంటి ఉమ్మడి సొత్తే. తూర్పు జర్మనీ ప్రాక్టికా, జపాన్ పెంటాక్స్, యాషికా, ఫుజికా, మా రష్యన్ జెనిత్, అన్నిటికీ అదే 42 మిల్లీమీటర్ల మర. ప్రపంచం రెండు శిబిరాలుగా చీలి అణుబాంబులు చూపించుకుంటున్న రోజుల్లో మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో తయారైన లెన్సు టోక్యో కెమెరాకి హాయిగా బిగిసేది. ఆ తర్వాత ఎవరి బయొనెట్ వాళ్ళు పెట్టుకున్నారు. నికాన్ 1959లో ఎఫ్ మౌంటు తెచ్చింది (భిలాయి మొదటి ఫర్నేసు కూడా అదే ఏడాది). కానన్ 1971లో ఎఫ్‌డీ తెచ్చింది. పెంటాక్స్ కూడా 1975లో ఉమ్మడి మరను వదిలి సొంత కుంపటి పెట్టుకుంది. మర కంటే బయొనెట్ తొందరగా బిగుస్తుంది, లెన్సుకీ కెమెరాకీ మధ్య మీటలు కలపడం తేలిక. సాంకేతికంగా కారణం ఉంది, కాదనను. కానీ కొన్నవాడి లెడ్జరులో జరిగిందేమిటి? ఒక్కో లెన్సు కొన్నప్పుడల్లా గోడ ఒక్కో ఇటుక ఎత్తు పెరిగింది. నాలుగు లెన్సులు కొన్నాక గోడ దూకాలంటే నాలుగూ నష్టానికి అమ్ముకోవాలి.

ఇక్కడ మనవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. "పెట్టిన డబ్బు ఎలాగూ పోయింది, దాన్ని చూసి నిర్ణయం తీసుకోవడం తెలివితక్కువ" అని కొట్టిపారేస్తారు. మునిగిపోయిన ఖర్చు విషయంలో అది నిజమే. కానీ గోడ దూకడానికి ముందుముందు పెట్టాల్సిన ఖర్చు మునిగిపోయినది కాదు, నిజమైన ఖర్చు. సైన్యం ఒకే రకం వాహనాన్ని ఏళ్ళ తరబడి కొంటుంటే అది మూర్ఖత్వం కాదు. విడిభాగాలు, పనిముట్లు, మెకానిక్ శిక్షణ అన్నీ దాని చుట్టూ ఉంటాయి. ఐదు లెన్సులున్నవాడు "నాకు మారడం గిట్టదు" అంటే ఆడిటరుగా నేను సంతకం పెడతాను. "నాది గొప్పది కాబట్టి మారను" అంటేనే వోచరు అడుగుతాను.

మా శాఖలో ప్రొప్రైటరీ ఆర్టికల్ సర్టిఫికెట్ అని ఒకటుంది. ఫలానా వస్తువు ఫలానా కంపెనీయే తయారు చేస్తుంది, ఇంకొకటి పనికిరాదు, కాబట్టి పోటీ టెండరు పిలవకుండా కొంటున్నాం అని అధికారి ధ్రువీకరించే కాగితం. నా ఉద్యోగంలో నేను ఎక్కువగా అనుమానించిన కాగితం అదే. "ఇంకొకటి పనికిరాదు" అన్న వాక్యం కింద కారణం రాశారా, ఇంకొకటి పెట్టి చూశారా, లేక అలవాటు కొద్దీ రాసేశారా? ఎన్ని ఫైళ్ళు వెనక్కి పంపానో లెక్కలేదు. జెనిత్‌కు మాత్రం పద్నాలుగేళ్ళ వయసులో నేనే ఆ సర్టిఫికెట్ ఇచ్చేశాను, కారణం గడి ఖాళీగా వదిలేసి.

గోడ కట్టిన కంపెనీయే గోడ కూల్చిన సందర్భమూ ఉంది. మినోల్టా 1985లో ఆటోఫోకస్ కెమెరా తెచ్చి మౌంటు మార్చింది. కానన్ 1987లో ఇంకా తెగించింది. ఇఓఎస్ 650తో ఈఎఫ్ అనే కొత్త మౌంటు పెట్టింది. ఎఫ్‌డీ లెన్సులు దానికి పట్టవు. ఏదో రింగు వేద్దామన్నా లెక్క కుదరదు. లెన్సు వెనక అంచు నుంచి ఫిల్ముకు ఉండాల్సిన దూరం ఎఫ్‌డీలో 42 మిల్లీమీటర్లు, ఈఎఫ్‌లో 44. మధ్యలో గాజు పెట్టకపోతే దూరపు వస్తువు ఎప్పటికీ స్పష్టంగా రాదు. పాత ఖాతాదారులు మండిపడ్డారు. ఎలాగూ అన్నీ కొత్తగా కొనాలి కాబట్టి ఇప్పుడు నికాన్‌కి పోవచ్చు కూడా. కానీ ఏం జరిగింది? లెన్సులోపలే మోటారు పెట్టిన ఆ పద్ధతి వేగంగా పనిచేసింది. 1990లలో ఆటల మైదానాల అంచున కానన్ తెల్ల లెన్సులు బారులు తీరాయి. నికాన్‌తో బతికిన వృత్తి ఫోటోగ్రాఫర్లు ఎందరో గోడ దూకారు. ఫోటో అమ్ముకుని బతికేవాడికి లాభనష్టాల పట్టిక ఉంది, అది అతన్ని నిజాయితీగా ఉంచుతుంది. మా బావా నేనూ ఫోటో అమ్మేవాళ్ళం కాదు. మా దగ్గర ఉన్న పెట్టుబడి పౌరుషమే, దానికి తరుగుదల లేదు.

కొన్నాక మనసు ఏం చేస్తుందో చూసిన పరిశోధనలు పాతవే ఉన్నాయి. 1956లో జాక్ బ్రెమ్ కొందరు అమ్మాయిలకు ఇంటి సామాన్లు కొన్ని చూపించి మార్కులు వేయమన్నాడు. వాటిలో రెండిటిలో ఒకటి ఎంచుకోమన్నాడు. తర్వాత మళ్ళీ మార్కులు వేయిస్తే, ఎంచుకున్నదానికి పెరిగాయి, వదిలేసినదానికి తగ్గాయి. (ఈ పద్ధతిలో లెక్కల లోపం ఉందని, మార్కులు ఎలాగూ కొంత అటు జరుగుతాయని 2010లో చెన్, రైసెన్ చూపించారు. ఆ లోపాన్ని సరిచేసి చేసిన ప్రయోగాల్లో కూడా కొంత ప్రభావం మిగిలింది. మనకు నచ్చిన పరిశోధన కాబట్టి దాని మీద వచ్చిన విమర్శను దాచకూడదు.) 1957లో మరో బృందం కొత్తగా కారు కొన్నవాళ్ళను పరిశీలించింది. కొనేశాక కూడా వాళ్ళు ఎక్కువగా చదివేది తాము కొన్న కారు ప్రకటనలే! నేనూ అంతే. 'సోవియట్ భూమి' అట్టలు వేసుకునే నేను, జెనిత్ వచ్చాక దాన్ని చదవడం మొదలుపెట్టాను.

1964లో ఆలిసన్, ఊల్ అనే ఇద్దరు 326 మంది బీరు ప్రియులతో చేసిన పరీక్ష నాకు మరీ ఇష్టం. లేబుల్ లేని సీసాలు ఇస్తే తమ బ్రాండు ఏదో చెప్పలేకపోయారు. లేబుల్ అంటించి ఇస్తే తమ బ్రాండే బాగుందన్నారు. రుచి నాలుక మీద లేదు, లేబుల్ మీద ఉంది.

కాబట్టి నేనూ లేబుల్ తీసేసి చూద్దామనుకున్నాను. హథ్‌ఖోజ్ రింగు అందుకే.

లెక్క ఇది. జెనిత్ లెన్సుకు కావలసిన దూరం 45.46 మిల్లీమీటర్లు. మా అబ్బాయి దగ్గరున్న కానన్ డిజిటల్ కెమెరాది 44. తేడా 1.46. (బావ నికాన్ మౌంటులో ఆ దూరం 46.5. అంటే రింగు లేకుండా పెట్టినా లెన్సు దూరమైపోతుంది. నా లెన్సు బావ శిబిరంలో ఇమడనే ఇమడదు!) ఇలాంటి రింగు బజార్లో కొన్ని వందలకు దొరుకుతుందని మా అబ్బాయి చెప్పాడు. లేత్ ఉన్న ఇంట్లో కొనడమేమిటన్నాను. టర్నరు చేసిన మొదటి రింగు రెండు మిల్లీమీటర్లు వచ్చింది. ఆరు మీటర్ల అవతల అంతా మసక. స్టీలు ప్లాంటు చిమ్నీలు దూదిలా కనిపించాయి. వర్నియర్ పట్టుకుని రెండోది చేశాడు, చిమ్నీలు గీత గీసినట్టు వచ్చాయి. యాభై ఏళ్ళ కిందటి రష్యన్ లెన్సు జపాన్ కెమెరాలో నోరు మెదపకుండా పనిచేసింది. టర్నరు నాకంటే ఎక్కువ సంతోషించాడు.

ఒకే కెమెరా, రెండు లెన్సులు. ఒకటి హేలియోస్, రెండోది కానన్ 50 మిల్లీమీటర్ల లెన్సు. స్టాండు మీద పెట్టి, బొమ్మ ఒకే సైజులో వచ్చేట్టు దూరం సర్ది, రెండిటికీ అపర్చర్ ఎఫ్8 పెట్టి ఆరు దృశ్యాలు తీశాం. ఆరు జతల ప్రింట్లు. ఏది ఏ లెన్సుదో మా కోడలు చీటీలు తీసి అంకెలు వేసింది, జవాబులు కవరులో పెట్టి అంటించింది. నేను భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. రష్యన్ లెన్సు నీడల్లో ఒక గుణం ఉంటుంది, అది నాకు చీకట్లో చూపించినా తెలుస్తుంది అని నలభై ఏళ్ళుగా చెబుతున్నవాణ్ణి.

ఆరింటిలో రెండు కరెక్టు. బొమ్మా బొరుసూ వేసినా మూడు రావాలి.

కవరు విప్పగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో చెప్పనా? "ఎఫ్8లో ఏం తెలుస్తుంది? ఎఫ్2లో తీయాలి." అది అబద్ధం కాదు. అపర్చర్ పూర్తిగా తెరిస్తే హేలియోస్ బొమ్మ వెనకాల ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయి, ఎవరైనా గుర్తుపడతారు. కానీ ఆ షరతు పరీక్షకి ముందు చెప్పాలి, తర్వాత కాదు. మహిమలు చూపమని కోవూర్ గారు లక్ష రూపాయల సవాలు విసిరారని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఓడిన బాబాలు ఇవాళ గ్రహస్థితి బాగాలేదంటే నవ్వుతాం. నాకు గ్రహస్థితి బదులు అపర్చర్ దొరికింది, అంతే తేడా. ఆరు జతలతో రెండు లెన్సులూ సమానమని తేలదు, అది వేరే సంగతి. తేలింది నా గొప్పల సంగతి.

అక్కడితో ఈ వ్యాసం అయిపోవాల్సింది. మా కోడలు, "మావయ్యా, అసలు జెనిత్‌తోనే తీసిన పాత నెగెటివ్‌లు ఉన్నాయి కదా, స్కాన్ చేద్దామా?" అంది. రేకు పెట్టెలోంచి అక్క పెళ్ళి రీళ్ళు తీశాను.

ఆ రీళ్ళ కథ చెప్పాలి. 1981 వేసవిలో భిలాయిలోనే అక్క పెళ్ళి. అప్పుడే నా బి.కాం. అయింది. పెళ్ళికి ఫోటోగ్రాఫరు వద్దు, జెనిత్ ఉందిగా అని నాన్నని ఒప్పించింది నేనే. ఫ్లాష్ ఒకటి అడిగి తెచ్చాను. పగలు తీసిన ఫోటోలు బాగానే వచ్చాయి. రాత్రి ముహూర్తం ఫోటోలు మాత్రం ఒక్కటీ దక్కలేదు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, ప్రతి ప్రింటులోనూ ఒక పక్క సన్నటి పట్టీ, మిగతా అంతా నలుపు. తలంబ్రాల ఫోటోలో అక్క చేతులున్నాయి, బావ లేడు. రీళ్ళు కడిగిన స్టూడియో వాడు పాడుచేశాడని నేను తేల్చేశాను. ఆయన షాపులో పదిమంది ముందు నువ్వు దొంగవని అరిచాను. "బాబూ, కడగడంలో ఇలా రాదు, కెమెరాలో నంబరు చూసుకో" అని ఆయన ఒక్కసారి అన్నాడు. నేను వినలేదు. నాన్న ఆ బిల్లు కట్టలేదు. మా వీధి తెలుగువాళ్ళు చాలామంది ఆ స్టూడియోకి వెళ్ళడం మానేశారు, నేను ఇంటింటికీ వెళ్ళి చెప్పాను గనుక.

కంప్యూటరు తెర మీద ఆ నెగెటివ్‌లు పెద్దవిగా కనిపించాయి. అన్నిటిలోనూ నలుపు అంచు ఒకే చోట ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు నిట్టనిలువుగా. మందు నీళ్ళు పాడుచేస్తే మరకలు పడతాయి, గీతలు తేలతాయి. పాతిక ఫ్రేముల్లో ఒకే చోట నిలువు గీత రాదు. అది షట్టర్ తెర అంచు. జెనిత్-ఇలో గుడ్డ తెరలు అడ్డంగా కదులుతాయి. ఫ్లాష్ వాడితే వేగం ముప్ఫయ్యో వంతు సెకనులో పెట్టాలి, అప్పుడే ఫ్రేము మొత్తం ఒకేసారి తెరుచుకుని ఉంటుంది. నూట ఇరవై అయిదో వంతులో పెడితే ఫ్లాష్ వెలిగే క్షణానికి తెరుచుకునేది సన్నటి సందు మాత్రమే.

నేను 125లో పెట్టాను. ఎందుకో కూడా గుర్తుంది. నికాన్ ఎఫ్‌ఎంకి ఫ్లాష్ వేగం 125. పెళ్ళికి నెల ముందు బావ ఆ సంగతి గొప్పగా చెప్పాడు. జెనిత్‌కి 30 అని దాని మీదే గుర్తు ఉంది, నాకు తెలుసు. నికాన్ చేసేది జెనిత్ చేయలేకపోవడమేమిటి అనుకున్నాను. అంతే. ఆ ఒక్క పౌరుషంతో చక్రం తిప్పాను. కెమెరా తప్పు లేదు, అది తన గుర్తు తను చూపించింది. స్టూడియో ఆయన తప్పు అసలే లేదు.

ఆయన గురించి వాకబు చేశాను. ఆ వరసలో ఇప్పుడు మొబైల్ షాపులున్నాయి. ముందు ఎవరుండేవారో అక్కడివాళ్ళకి తెలియదు.

ఆ రాత్రి విశాఖపట్నంలో ఉన్న బావకి ఫోను చేసి అంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు ప్రింట్లు చూసినరోజే తెలుసురా" అన్నాడు.

"మరి చెప్పలేదేం బావా? ఆయన్ని అన్ని మాటలన్నానే!"

"కొత్త అల్లుణ్ణి. పైగా నికాన్ వాణ్ణి. నేను చెబితే నువ్వు వినేవాడివా?"

పెట్టెలో ఆ స్టూడియో బిల్లు కూడా ఉంది. రెండు రీళ్ళు కడగడం, ప్రింట్లు, కలిపి 38 రూపాయలు.